సావిన్ పండుగలో పాతదెంత, కొత్తదెంత?

లిఫీ తీరం · అక్టోబర్ 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం డబ్లిన్ శివారులో ఉంటున్నాం. అక్టోబర్ రాగానే ఇక్కడి దుకాణాల్లో గుమ్మడికాయలు, ప్లాస్టిక్ పుర్రెలు, నల్ల టోపీలు బారులు తీరుతాయి. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు తెచ్చుకుంటారు. ఆ హాలోవీన్ సంగతి మనకు తెలిసిందే. నా సందేహం వేరు.

ఆఫీసులో నా పక్కన కూర్చునే అమ్మాయి విక్కా అనే ప్రకృతి ఆరాధన మతం పాటిస్తుంది. తనను తాను మంత్రగత్తె అని ఏ సంకోచమూ లేకుండా చెప్పుకుంటుంది. 31వ తేదీ రాత్రి వాళ్ల బృందం ‘సావిన్’ జరుపుకుంటోందట, నన్నూ రమ్మంది. పోయినవాళ్ల పేర్లు చదివి దీపాలు పెడతారట. ఇది రెండు వేల ఏళ్ల నాటి కెల్టుల (ఐర్లండ్, బ్రిటన్‌ల పాత జాతుల) ఉగాది అని, చర్చి దాన్ని లాగేసుకుని సకల పునీతుల పండుగగా మార్చిందని ఆమె అంటుంది.

ఇదే మాట పక్కింటి పెద్దావిడతో అన్నాను. ఆవిడ మేయో కౌంటీలో ఒక పల్లెలో పుట్టింది, ప్రతి ఆదివారం చర్చికి వెళ్తుంది. పకపకా నవ్వింది. “మేం ఆ రాత్రి టర్నిప్ దుంప తొలిచి దీపం పెట్టేవాళ్లం. బార్మ్‌బ్రాక్ రొట్టెలో ఉంగరం ఎవరి ముక్కలో వస్తుందా అని కొట్టుకునేవాళ్లం. మంత్రగత్తెలు ఎక్కడినుంచి వచ్చారమ్మా మధ్యలో?” అంది.

ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? అసలు వెళ్లొచ్చా? మా అత్తగారైతే ఫోనులోనే తేల్చేశారు: “మంత్రగత్తెల పేరంటానికి నువ్వెందుకమ్మా!”

కొబ్బరి మొవ్వు · అక్టోబర్ 17, రాత్రి 10:05

అత్తగారికే నా ఓటు. అయినా వెళ్లాలనుకుంటే తాంబూలంలో ఏమిస్తారో ముందే కనుక్కోండి.

పాత పంచాంగం · అక్టోబర్ 18, ఉదయం 6:20

లిఫీ తీరం గారూ, పేరు పాతదే, అందులో సందేహం లేదు. మధ్యయుగపు ఐరిష్ కథల్లో ఏడాదిని నాలుగుగా పంచే రోజులు కనిపిస్తాయి. నవంబర్ 1న సావిన్, ఫిబ్రవరి 1న ఇంబోల్క్, మే 1న బెల్టేన్, ఆగస్టు 1న లూనసా. ఆగస్టు పండుగను వదిలేస్తే మిగతావి పంటల కంటే పశువుల చుట్టూ తిరిగేవి. మే నెలలో మందను వేసవి మేతకు కొండమీదికి తోలేవారు, నవంబర్‌కు దించేవారు. చలికాలమంతా మేపలేని పశువులను అప్పుడే కోసి ఉప్పు పట్టించేవారు. తిండి సమృద్ధిగా ఉండే చివరి రోజులు అవి, వాటి వెనక చీకటి నెలలు.

ఆ కథల్లో సావిన్ రాత్రి రాజుల సభలున్నాయి, విందులున్నాయి. దిబ్బల కింది లోకం తలుపులు తెరుచుకుని అవతలివాళ్లు, అంటే అక్కడ ఉంటారనుకునే మాయాజాతి, బయటికి రావడం ఉంది. పూజావిధానం మాత్రం లేదు. పైగా ఆ కథలను రాసిపెట్టింది క్రైస్తవ సన్యాసులు. ఇక ‘కెల్టుల ఉగాది’ అన్నది 19వ శతాబ్దం చివర్లో వేల్స్ పండితుడు జాన్ రీస్ చేసిన ఊహ. ఆయన తర్వాత జేమ్స్ ఫ్రేజర్ దానికి ‘మృతుల పండుగ’ అన్న పేరు కూడా జోడించాడు. ఇద్దరూ పెద్దవాళ్లు కనుక ఆ మాట అలాగే నిలబడిపోయింది.

చర్చి లాగేసుకుందన్న వాదానికి ఒక గట్టి అడ్డు ఉంది. క్రీ.శ. 800 ప్రాంతంలో ఐర్లండ్‌లోనే రాసిన పునీతుల పట్టికలో సకల పునీతుల పండుగ ఏప్రిల్ 20న ఉంది. నవంబర్ 1న జరపడం దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లోనూ జర్మన్ ప్రాంతాల్లోనూ కనిపిస్తుంది. ఐరిష్ పండుగను మింగేయడానికే ఆ తేదీ పెట్టి ఉంటే, ఐర్లండ్ చర్చి వేరే తేదీ ఎందుకు పాటించింది? చరిత్రకారుడు రోనాల్డ్ హట్టన్ 1996లో బ్రిటన్ ఋతు పండుగల మీద రాసిన పుస్తకంలో ఈ చిక్కునే ఎత్తి చూపాడు. పోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థించే నవంబర్ 2 ఇంకా తర్వాతిది, పదకొండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠం నుంచి వ్యాపించింది. అంటే ఆ రోజుల్లో మృతులను తలుచుకోవడంలో చర్చి వాటా చిన్నదేమీ కాదు.

మీ పక్కింటి ఆవిడ చెప్పిందే నాకు విలువైన సమాచారం. ఆవిడను ఇంకా మాట్లాడించండి.

గునుగుపువ్వు · అక్టోబర్ 18, మధ్యాహ్నం 1:15

చదువుతుంటే మా వరంగల్ గుర్తొచ్చింది. భాద్రపద అమావాస్యను మేం పెత్రమాస అంటాం. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇచ్చేస్తాం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఇంటి పెద్దలను సాగనంపిన పొద్దే గునుగు, తంగేడు పేర్చి ఆడటం మొదలవుతుంది. ఋతువు మారే వేళ, పితరులు, ఆడవాళ్ల పాటలు, చివరికి నీళ్లలో వదలడం. సావిన్ కూడా ఇలాంటిదే కదా? అన్నిచోట్లా మనుషులు ఒకేలా ఆలోచించారనిపిస్తోంది.

పాత పంచాంగం · అక్టోబర్ 18, మధ్యాహ్నం 2:02

గునుగుపువ్వు గారూ, పోలిక బాగుంది, కానీ దాన్ని చుట్టరికం చేయకండి. చలికి ముందు పశువులను కోసుకునే దేశానికీ, చెరువులు నిండి పూలు విరగబూసే తెలంగాణకూ ఋతువు ఒకటి కాదు. మనకు ఆ అమావాస్య సమృద్ధి వైపు తిరిగే మలుపు, వాళ్లకు సావిన్ కొరత వైపు తిరిగే మలుపు. పితరులను అన్ని జాతులూ తలుచుకుంటాయి. అంతమాత్రాన అన్నీ ఒకే వేరునుంచి వచ్చినట్టు కాదు.

గునుగుపువ్వు · అక్టోబర్ 18, మధ్యాహ్నం 2:20

చుట్టరికం అని నేననలేదు పంతులుగారూ. పోలిక అనే అన్నాను. 🙂

చలిమంట · అక్టోబర్ 18, రాత్రి 11:48

యార్క్‌షైర్ నుంచి రాస్తున్నాను. నేను విక్కన్‌ను కాదు, కానీ మా ఊరి పేగన్ (క్రైస్తవానికి ముందునాటి దేవతలను కొలిచే) మిత్రుల బహిరంగ పండుగలకు చాలాకాలంగా వెళ్తున్నాను. అందుకని వాళ్ల పక్షాన రెండు మాటలు.

ఇప్పుడు మనం చూసే విక్కా దక్షిణ ఇంగ్లండ్‌లో పుట్టింది. దాని పెద్ద దిక్కు జెరాల్డ్ గార్డనర్ (1884–1964). ఈయన సింహళంలో, బోర్నియోలో తోటల మీద పనిచేసి, మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి, 1936లో పదవీ విరమణ పొంది ఇంటికొచ్చాడు. అక్కడి మంత్రతంత్రాల మీద, మలయా కత్తుల మీద విపరీతమైన ఆసక్తి. కత్తుల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయింది. 1954లో గార్డనర్ తన పుస్తకంలో, మంత్రగత్తెల పాత మతం ఇంకా బతికే ఉందని, తాను అందులో దీక్ష పొందానని ప్రకటించాడు. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది మార్గరెట్ మర్రే. ఈమె మన కలకత్తాలో 1863లో పుట్టింది, ఈజిప్టు పురావస్తు పండితురాలు. ఐరోపాలో మంత్రగత్తెలుగా విచారణ ఎదుర్కొన్నవాళ్లంతా రహస్యంగా సాగిన పేగన్ మతస్థులేనని 1921లో సిద్ధాంతం చేసింది. చరిత్రకారులు ఆ సిద్ధాంతాన్ని ఎప్పుడో పక్కనపెట్టారు. కానీ విక్కా పుట్టుకకు అదే ఎరువు.

ఇక ‘సంవత్సర చక్రం’. మీ స్నేహితురాలు జరిపే ఎనిమిది పండుగల వరుస ఏ పాత ఊళ్లోనూ మొత్తంగా లేదు. గార్డనర్ బృందం మొదట పైన చెప్పిన ఆ నాలుగు రోజులే జరిపేది. 1950ల చివర్లో రెండు అయనాలు, రెండు విషువత్తులు సమాన హోదాతో చేరాయి. గార్డనర్ మిత్రుడు రాస్ నికొల్స్ డ్రూయిడ్ల (పాత కెల్టు పూజారుల పేరు పెట్టుకున్న నేటి బృందాల) వైపు అదే వరుసను ప్రచారం చేశాడు. మేబన్, లీథా, ఓస్టారా అనే పేర్లు స్థిరపడింది 1970లలో, అమెరికాలో ఏడన్ కెల్లీ అనే ఆయన వల్ల. మేబన్ అయితే వేల్స్ కథల్లోని ఒక పాత్ర పేరు, శరద్విషువత్తుతో ఏ సంబంధమూ లేదు.

అయితే ఏమిటి? డెబ్బై ఏళ్లుగా మనుషులు మనసుపెట్టి చేస్తున్నది వాళ్లకు పండుగే. ఆస్ట్రేలియాలో పేగన్లు సావిన్‌ను ఏప్రిల్ చివర్లో జరుపుతారు, వాళ్లకు చలికాలం అప్పుడు కదా మొదలయ్యేది. పుస్తకంలో ఉన్న తేదీని వదిలి కిటికీ బయట ఉన్న ఋతువును నమ్ముకున్నవాళ్లను నేను గౌరవిస్తాను. తప్పకుండా వెళ్లండి.

తర్కం తోడు · అక్టోబర్ 19, ఉదయం 8:30

చలిమంట గారూ, మీ ఉత్సాహం బాగుంది. కానీ ‘నేను మంత్రగత్తెను’ అని డబ్లిన్ ఆఫీసులో నవ్వుతూ చెప్పుకోవడం ఒక సుఖం. అదే మాట ఊరివాళ్లు ఒక మనిషి మీద వేసినప్పుడు ఏమవుతుందో మెదక్ వైపు పల్లెల్లో తిరిగిన నాకు తెలుసు. బాణామతి చేసిందన్న అనుమానంతో ముసలివాళ్ల పళ్లు రాలగొట్టారు, చెట్లకు కట్టేశారు, తగలబెట్టారు. మంత్రం చదవకుండా ఉండాలంటే పళ్లు ఉండకూడదట, అదీ వాళ్ల తర్కం. బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో దీని మీద ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చింది. మహారాష్ట్రలో ఈ చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయన పోయాకే చట్టం వచ్చింది. అందులో భానామతి పేరు కూడా ఉంది.

మీ ఐర్లండ్ చరిత్ర కూడా చూడండి. 1895 మార్చిలో టిప్పరరీ కౌంటీలో బ్రిజెట్ క్లీరీ అనే 26 ఏళ్ల ఆమెకు జబ్బు చేసింది. ఈమె నా భార్య కాదు, దిబ్బల కిందివాళ్లు నా భార్యను ఎత్తుకుపోయి ఈమెను పెట్టారని మొగుడు నమ్మాడు. మూలికలు నోట్లో కుక్కారు. పొయ్యి మీదికి వంచి ‘నువ్వు ఎవరు’ అని అడిగారు. చుట్టూ నిలబడింది ఆమె తండ్రి, దగ్గరి బంధువులు. చివరికి ఆమె కాలి చనిపోయింది. మొగుడికి హత్య కింద కాక తక్కువ నేరం కింద శిక్ష పడి, పదిహేనేళ్లు జైల్లో ఉండి 1910లో బయటికొచ్చాడు. జానపదం అంటూ ముచ్చటపడేటప్పుడు ఈమెను కూడా తలుచుకోవాలి.

చలిమంట · అక్టోబర్ 19, ఉదయం 10:12

విక్కన్లు ఎవరినీ పొయ్యి మీదికి వంచలేదు తర్కం గారూ. ఎవరో చేసిన హత్యలకు వీళ్లను బోనెక్కించడం న్యాయమా? పైగా మంత్రగత్తెలన్న పేరుతో చచ్చిపోయినవాళ్లను తలుచుకునేవాళ్లలో ముందుండేది వీళ్లే. స్కాట్లండ్‌లో 1563 నుంచి 1736 దాకా దాదాపు 3,800 మంది మీద ఆ నేరం మోపారు, ఎక్కువమంది ఆడవాళ్లు. అప్పటి ముఖ్యమంత్రి స్థానంలో ఉన్న నికోలా స్టర్జన్ 2022 మార్చి 8న ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పింది.

తర్కం తోడు · అక్టోబర్ 19, ఉదయం 10:40

ఆ 3,800 మందిలో ‘నేను మంత్రగత్తెను’ అని పండుగ చేసుకున్నవాళ్లు ఎంతమంది? హింస పెట్టి ఒప్పించిన మాటలు తప్ప ఏమున్నాయి? వాళ్లు పొరుగింటి తగాదాలో ఇరుక్కున్న మామూలు క్రైస్తవ స్త్రీలు. వాళ్లను తమ పూర్వీకులుగా చెప్పుకునే హక్కు మీ మిత్రులకు ఎక్కడిది? కొందరైతే తొంభై లక్షల మందిని కాల్చారని ఇప్పటికీ రాస్తున్నారు. చరిత్రకారుల లెక్క ఐరోపా మొత్తం మీద నలభై, యాభై వేలు. అది చాలదా?

చలిమంట · అక్టోబర్ 19, ఉదయం 10:51

తొంభై లక్షలు అని నేను రాశానా? లేని మాట నా నోట్లో పెట్టకండి.

నిర్వాహకులు · అక్టోబర్ 19, ఉదయం 11:30

ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఇక్కడినుంచి వ్యక్తిగతంగా వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాం. సావిన్ గురించే మాట్లాడుకుందాం.

కొబ్బరి మొవ్వు · అక్టోబర్ 19, ఉదయం 11:34

తీసేసిన మూడింట్లో రెండు నావి. ఒకటి మాత్రం నిజంగా బాగుండేది.

పాత పంచాంగం · అక్టోబర్ 19, రాత్రి 8:15

ఈ వాదంలో ఇద్దరూ దాటేసిన సంగతి ఒకటి ఉంది. పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో అంత ఘోరం జరిగితే, ఐర్లండ్‌లో మంత్రగత్తెల విచారణలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 1324లో కిల్కెన్నీలో ఆలిస్ కైట్లర్ అనే ధనవంతురాలి మీద కేసు నడిచింది. ఆమె తప్పించుకుపోయింది, ఆమె పనిమనిషి పెట్రొనిల్లాను సజీవంగా కాల్చారు. 1711లో ఆంట్రిమ్ ప్రాంతంలోని ఐలండ్‌మగీలో కొందరు ఆడవాళ్లకు ఏడాది జైలు, బహిరంగ శిక్ష పడ్డాయి. ఇలాంటివి కొన్నే.

ఎందుకు తక్కువ? హట్టన్ చెప్పే కారణాల్లో ఒకటి నాకు నచ్చుతుంది. గేలిక్ (ఐర్లండ్, స్కాట్లండ్‌ల పాత భాష) మాట్లాడే పల్లెల్లో ఆవు ఎండిపోయినా, పిల్లాడు నీరసించినా తప్పు దిబ్బల కిందివాళ్ల మీదికి పోయేది, పొరుగింటి ముసలమ్మ మీదికి కాదు. స్కాట్లండ్‌లో కూడా గేలిక్ ప్రాంతాల్లో మంత్రగత్తెల వేట తక్కువే. నింద మోయడానికి కనిపించని జాతి ఒకటి ఉండటం మనుషులను కాపాడింది. అదే నమ్మకం బ్రిజెట్ క్లీరీ ప్రాణం తీసింది కూడా, తర్కం తోడు గారు చెప్పినట్టే.

పల్లెల్లో వైద్యం చేసేవాళ్ల కథ ఇంకోటి. క్లేర్ కౌంటీ ఫీకిల్ దగ్గర బిడ్డీ అర్లీ అనే ఆవిడ ఉండేది, 1874లో పోయింది. నీలం సీసాలోకి చూసి జబ్బుకు మూలం చెప్పేదని జనం నమ్మేవారు. చర్చి గురువులు ఆమె మీద కారాలు మిరియాలు నూరేవారు, జనం మాత్రం బళ్లు కట్టుకుని వెళ్లేవారు. ఐరిష్ రచయిత్రి లేడీ గ్రెగరీ ఆమె గురించి ఊరివాళ్ల నోట విన్న కథలు పోగుచేసి అచ్చువేసింది. ఆవిడ ఏ రోజూ తాను పాత దేవతల పూజారినని చెప్పుకోలేదు. ఆ ఊళ్లో అందరిలాగే తానూ కాథలిక్కే.

లిఫీ తీరం · అక్టోబర్ 24, రాత్రి 10:20

పక్కింటి ఆవిడను టీకి పిలిచాను. ఒక్కసారి మొదలుపెట్టాక ఆపలేదు.

సావిన్ దాటాక బ్లాక్‌బెర్రీ పళ్లు తినకూడదట, పూకా అనే దయ్యపు గుర్రం వాటిమీద ఉమ్మేసిపోతుందట. ఆ రాత్రి కోల్‌కానన్ అనే బంగాళాదుంప, క్యాబేజీ ముద్ద వండి నడుమ వెన్న గుంట చేసి తింటారు. రొట్టెలో ఉంగరం వస్తే ఏడాదిలో పెళ్లి, గుడ్డపేలిక వస్తే పేదరికం. ఒకసారి తన అన్నకు గుడ్డపేలిక వచ్చిందని, అతను అమెరికా వెళ్లి ఇంట్లో అందరికన్నా బాగుపడ్డాడని చెప్పి మళ్లీ నవ్వింది.

కానీ ఆవిడ గొంతు మారింది సావిన్ దగ్గర కాదు, మే ఒకటో తేదీ దగ్గర. ఆ ఉదయం ఇంట్లోంచి నిప్పు బయటికి ఇవ్వకూడదు, పాలు ఇవ్వకూడదు, ఉప్పు కూడా ఇవ్వకూడదు. ఇస్తే ఆ ఏడాది వెన్న అంతా వాళ్లింటికి పోతుంది. ఊళ్లో అందరికన్నా ముందు పొయ్యి రాజేసి పొగ కనిపించనివ్వకూడదు. పొద్దున్నే ఎవరైనా మన పొలంలో మంచు గుడ్డతో తుడుస్తూ కనిపిస్తే వెన్న దొంగిలిస్తున్నట్టే. వాళ్ల నాన్న ఒకసారి ఆవు దగ్గర కుందేలును తరిమాడట. అది కుందేలు కాదని ఆయన చివరిదాకా నమ్మాడట. “నువ్వు నమ్ముతావా” అని అడిగాను. “నమ్మను, కానీ మే ఒకటిన నేను ఎవరికీ పాలు అప్పివ్వను” అంది.

గునుగుపువ్వు · అక్టోబర్ 25, ఉదయం 7:10

ఇది మాత్రం మా అమ్మమ్మే మాట్లాడినట్టుంది! దీపాలు పెట్టే వేళకు ఉప్పు, పెరుగు, సూది చేతికివ్వదు. పక్కింటావిడ తోడు పెరుగు అడిగితే “పొద్దున రా బిడ్డా” అనేది. పంతులుగారూ, దీన్ని కూడా చుట్టరికం కాదనే అంటారా?

పాత పంచాంగం · అక్టోబర్ 25, ఉదయం 9:05

చుట్టరికం కాదు, కారణం ఒకటి కావచ్చు. చిన్న కమతంలో అద్దె కట్టే డబ్బు వెన్న అమ్మితేనే వచ్చేది. ఒక ఇంటి చిలుకులో వెన్న పడి, పక్కింటి చిలుకులో పడకపోతే అది వేడి తేడానో, ఆవు మేత తేడానో, కడవ శుభ్రం తేడానో వాళ్లకెలా తెలుస్తుంది? వెన్న ఎక్కడికో పోయిందన్న మాట పుడుతుంది. పక్కింటి పాడి బాగుందంటే కన్ను అటే పోతుంది. పాడి ఉన్న ప్రతి దేశంలో ఈ భయం పుట్టగలదు, ఎవరి దగ్గరినుంచీ ఎవరూ తెచ్చుకోనక్కర్లేదు.

ఆ కుందేలు మాత్రం చాలా పాతది. 12వ శతాబ్దంలో ఐర్లండ్ మీద రాసిన జెరాల్డ్ అనే వేల్స్ మతగురువు, ముసలి ఆడవాళ్లు కుందేళ్లుగా మారి పరాయి ఆవుల పాలు తాగుతారన్న నమ్మకాన్ని అప్పటికే పాత సంగతిగా చెప్పాడు. మంటల సంగతీ పాతదే. క్రీ.శ. 900 ప్రాంతపు ఐరిష్ పదకోశంలో, బెల్టేన్ నాడు రెండు మంటల నడుమ పశువులను తోలేవారని ఉంది. ఈ మొత్తం దారంలో మనకు ఆధారం తెగకుండా దొరికేది దేవతల పేర్లకు కాదు, ఆవుకీ వెన్నకీ.

లిఫీ తీరం గారూ, మీ పక్కింటి ఆవిడ చెప్పినవి నిజంగా చదవాలనుంటే ఒక ఖజానా ఉంది. 1937 నుంచి 1939 దాకా ఐర్లండ్ ప్రభుత్వం 26 కౌంటీల్లో సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లల చేత ఇంట్లో పెద్దలు చెప్పిన కథలు, ఆచారాలు రాయించింది. యాభై వేల మంది పిల్లలు రాశారు. ఆ నోటు పుస్తకాలన్నీ ఇప్పుడు డూకస్ అనే వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. వాళ్ల పల్లె పేరు పెట్టి వెతకండి. ఆవిడ బంధువుల చేతిరాతే దొరకవచ్చు.

తర్కం తోడు · అక్టోబర్ 25, సాయంత్రం 6:30

మన దగ్గర కూడా ఇలాంటి పని ఎందుకు చేయకూడదు? ప్రతి పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లల చేత ఇంట్లో అమ్మమ్మ, తాతలు చెప్పింది రాయిస్తే చాలు. దిష్టి తీసే పద్ధతులు, పోచమ్మ కథలు, భోగి పాటలు, అన్నీ. నమ్మకాలను రాసిపెట్టడానికి నాకే అభ్యంతరమూ లేదు. మనిషి మీద వేసినప్పుడే నా పేచీ.

చలిమంట · అక్టోబర్ 25, సాయంత్రం 7:02

ఈ మాటకు నేను మీతోనే ఉన్నాను. మొదటిసారి.

లిఫీ తీరం · నవంబర్ 3, రాత్రి 9:15

వెళ్లాను. ఇక్కడ చాలామంది అడుగుతున్నారు కనుక రాస్తున్నాను.

ఊరి బయట ఒక పొలంలో ఇరవై మంది దాకా ఉన్నాం. ఐటీ ఉద్యోగులు, ఒక నర్సు, ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు. వలయంగా నిలబడ్డాం. ఒకామె నల్ల పిడి కత్తితో గాలిలో గీత గీస్తూ చుట్టూ తిరిగింది. తూర్పున గాలిని, దక్షిణాన అగ్నిని, పడమట నీటిని, ఉత్తరాన భూమిని పిలిచారు. మన అష్టదిక్పాలకుల లెక్కలో అగ్ని ఆగ్నేయంలో ఉంటాడు, ఆ మాట నా పక్కనున్నాయనతో అంటే ఆసక్తిగా విన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ పోయినవాళ్ల పేర్లు చెప్పి చిన్న దీపం వెలిగించారు. కొందరు ఏడ్చారు. నేను మా నాన్న పేరు చెప్పాను. రొట్టె, ఆపిల్ రసం పంచుకున్నారు. బలీ లేదు, భయమూ లేదు. చలి మాత్రం మామూలుగా లేదు.

తర్వాత నా స్నేహితురాలిని అడిగాను, ఇది 1950లలో కూర్చినదని తెలుసా అని. తెలుసట. “రెండు వేల ఏళ్లు అని ఎందుకు చెప్పావు మరి” అంటే, “కొత్తవాళ్లకు అలా చెబితే రావడానికి ఇష్టపడతారు” అంది. నాకది నచ్చలేదు. అలా అని వెళ్లినందుకు బాధా లేదు.

కొబ్బరి మొవ్వు · నవంబర్ 3, రాత్రి 9:31

తాంబూలం?

లిఫీ తీరం · నవంబర్ 3, రాత్రి 9:33

ఒక ఆపిల్, ఒక బార్మ్‌బ్రాక్ ముక్క. ఉంగరం రాలేదు.

పాత పంచాంగం · నవంబర్ 4, ఉదయం 6:40

రెండు వేల ఏళ్లు అన్న మాట చెప్పడం అలవాటైపోయిన వ్యాపార ప్రకటన, ఒక్క విక్కన్లకే కాదు. ఇంగ్లండ్‌లోని రాళ్ల వలయం స్టోన్‌హెంజ్‌ను పాత కెల్టు పూజారులైన డ్రూయిడ్లు కట్టారని ఇంకా నమ్మేవాళ్లున్నారు. అక్కడి పెద్దరాళ్లు క్రీ.పూ. 2500 ప్రాంతంలో లేచాయి. డ్రూయిడ్ల ప్రస్తావన రెండు వేల ఏళ్లు దాటాక గానీ రాదు. ఇంకో ఉదాహరణ మీ దగ్గరే ఉంది. మీత్ కౌంటీలోని న్యూగ్రేంజ్ సమాధి దిబ్బ క్రీ.పూ. 3200 ప్రాంతానిది. దక్షిణాయనం ముగిసే రోజుల్లో, డిసెంబర్ 21 అటూఇటూగా, ఉదయం సూర్యకాంతి లోపలి గదిదాకా వెళ్లి 17 నిమిషాలు ఉంటుంది. ఈ సంగతిని ఆధునిక కాలంలో మొదట కళ్లారా చూసింది పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ ఓకెల్లీ, 1967లో. దాన్ని కట్టినవాళ్ల భాష ఏమిటో, దేవుడెవరో ఎవరికీ తెలియదు. అయినా ఆ వెలుగు వస్తూనే ఉంది. లోపల నిలబడే అవకాశం లాటరీలో తీస్తారు, ప్రయత్నించండి.

లిఫీ తీరం · జనవరి 23, రాత్రి 8:50

పాత చర్చను మళ్లీ లేపుతున్నాను. ఫిబ్రవరి 1న బ్రిజిడ్ పండుగ. 2023 నుంచి దీనికి ఇక్కడ ప్రభుత్వ సెలవు కూడా ఉంది. పిల్లల స్కూల్లో బ్రిజిడ్ శిలువ అల్లి తెమ్మన్నారు. నా స్నేహితురాలు దాన్ని ఇంబోల్క్ అంటుంది, బ్రిజిడ్ దేవత అంటుంది. పక్కింటావిడ పునీత బ్రిజిడ్ అంటుంది. ఆ తగవు నాకొద్దు, శిలువ ఎలా అల్లాలో చెప్పండి. దుకాణంలో దొరికే కాగితం గొట్టాలు వాడొచ్చా?

చలిమంట · జనవరి 23, రాత్రి 9:30

కాగితం గొట్టాలతో స్కూళ్లలో చేయిస్తారు, తప్పేమీ లేదు. కానీ తడి పొలాల్లో తుంగలాంటి గడ్డి పెరుగుతుంది చూడండి, అసలు దానితో అల్లుతారు. కోయకూడదు, చేత్తో పీకాలని సంప్రదాయం. ఒక పోచను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని నడుమ మడిచి దాని చుట్టూ వేసి, పావు వంతు తిప్పండి. మళ్లీ ఇంకోటి మడిచి వేయండి, మళ్లీ అదే వైపుకు పావు వంతు తిప్పండి. వేళ్లతో గట్టిగా పట్టుకోకపోతే నడుమ జారిపోతుంది. నాలుగు చివరలూ దారంతో కట్టేయండి. మీ పక్కింటావిడకు కళ్లు మూసుకుని వచ్చి ఉంటుంది.

గునుగుపువ్వు · జనవరి 24, ఉదయం 7:25

లిఫీ అక్కా, అల్లాక ఫోటో పెట్టు. ఆ ముందురోజు రాత్రి బయట గుడ్డ ఆరేస్తారని, బ్రిజిడ్ దాటిపోతూ దాన్ని తాకితే తలనొప్పికి పనికొస్తుందని డూకస్‌లో చదివాను. ఆ గుడ్డ ఏ రంగుదైనా పర్వాలేదా, ఆవిడను అడిగి చెప్పు.

లిఫీ తీరం · జనవరి 24, సాయంత్రం 6:10

అడిగాను. రంగు ఏదైనా సరేనట, ఉతికినదై ఉండాలి, ఏటా అదే గుడ్డ పెడితే బలం పెరుగుతుందట. వాళ్లమ్మది ఆవిడ దగ్గర ఇప్పటికీ ఉంది. ఆవు ఈనేటప్పుడు నడుము మీద కప్పేవారట. గడ్డి కోసం శనివారం కార్లో తీసుకెళ్తానంది, బూట్లు తెచ్చుకోమంది.